అంకె వేయని గడి

మార్చి రెండో మంగళవారం. వెర్మాంట్‌లో
మంచు కరిగి మట్టిరోడ్లు చక్రాలను మింగే కాలం.
రాజధానిలో, పదకొండో నంబరు గదిలో
పొడవాటి బల్ల కింద తొమ్మిది జతల బురద బూట్లు,
బల్ల మీద ఒక బిల్లు. నాలుగే పేజీలు.

ఊళ్లకు దూరంగా ఉన్న ఇళ్ల బావులన్నిటినీ
ప్రభుత్వమే పరీక్ష చేయించాలి.
నీళ్లలో ఆర్సెనిక్ తేలితే శుద్ధి యంత్రం పెట్టించాలి.
దానికి పిన్ను కొట్టి, నేను రాసిన ఒక్క కాగితం.
నా ఉద్యోగం అదే,
పుట్టని చట్టానికి తిండి ఖర్చు కట్టడం.

అధ్యక్షురాలు లొరేన్ థిబోడో కళ్లద్దాలు సర్దుకుని
"ఇరవై లక్షల నుంచి నాలుగు కోట్ల డాలర్ల దాకా" అని చదివింది.
మళ్లీ చదివింది, ఈసారి మెల్లగా,
మెల్లగా చదివితే ఆ రెండంకెలూ
కాస్త దగ్గరికి జరుగుతాయేమో అన్నట్టు.

"ఈ సందులో మా నియోజకవర్గం మొత్తం పడుతుంది,
ఆవులతో సహా" అన్నాడు హాలిస్ ప్రాట్.

బావులెన్ని?
లెక్క లేదండీ. పాతవాటికి కాగితాలు లేవు.
ఎన్నిట్లో విషం ఉంది?
పరీక్షిస్తే తెలుస్తుంది.
పరీక్షలకెంత?
బావులెన్నో తెలిస్తే చెబుతాను.
గది నవ్వింది. నవ్వకూడదని తెలిసీ నేనూ నవ్వాను.
గేదె నీళ్లలో, బేరం గట్టు మీద.
కొమ్ములు మాత్రం కనిపిస్తున్నాయి.

ప్రాట్ నవ్వలేదు.
"నన్ను పిసినారి అనుకోండి, ఫర్వాలేదు.
వంతెనల బిల్లుకి మూడన్నారు, పదకొండయింది.
మిగతా ఎనిమిదీ ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసా?
మా లైబ్రరీ శనివారాల్లోంచి.
ఇప్పుడు శనివారం పూట పిల్లలు
ఆ మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటారు."

ఒడెట్ గాన్యోన్ కొత్త సభ్యురాలు. స్కూలు బస్సు నడుపుతుంది.
కాగితం తిప్పి చూసింది, వెనక ఇంకేమైనా ఉందేమోనని.
"చేస్తే ఎంతో ఉంది. చెయ్యకపోతే ఎంతో ఏది?"
ఆ గడి ఫారంలో లేదండీ.
"ఫారం ఎవరు గీశారు?"
నాకంటే ముందువాళ్లు.
ఆమె ఇంకేమీ అడగలేదు. పెన్ను మూత పెట్టి తీసింది,
పెట్టి తీసింది.

మెర్టన్ లావలీ ఈ ఏడాదంతా నోరు విప్పలేదు.
నలభై ఏళ్లు పైపులు బాగుచేసినవాడు.
"గోడ పగలగొట్టి చూడందే ఎంతవుతుందో చెప్పలేను అనేవాణ్ణి.
అయినా పగలగొట్టనిచ్చేవారు.
నా మీద నమ్మకం కాదు, అప్పటికే వాళ్ల కప్పు కారుతుండేది.
దీనికి రంగు లేదు, వాసన లేదు, చుక్క చప్పుడు లేదు.
ఏం చూపించి గోడ పగలగొట్టమంటారు?"
బిల్లుకి అనుకూలమో ప్రతికూలమో
అతను చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వచ్చే మంగళవారానికి వాయిదా.
"ఆ సందు కాస్త ఇరుకు చేసి పట్టుకురా" అంది లొరేన్, దయగానే.
ప్రాట్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు.
తోటలో మేపుల్ చెట్లు రసం కారుస్తున్నాయట.
నలభై గాలన్లు మరిగిస్తే ఒక గాలన్ పాకం.
"అదొక్కటే ఈ రాష్ట్రంలో గట్టి లెక్క" అన్నాను.
"అదీ చెట్టును బట్టి" అన్నాడు తలుపులోంచి.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది.
కెటిల్ పట్టాను. నీళ్లు తేటగా, చల్లగా, ఎప్పటిలాగే.
ఈ ఇల్లు కొన్నప్పుడు పైకప్పు గురించి అడిగాను,
పొయ్యి గురించి అడిగాను.
బావి ఎవరు తవ్వించారో, ఎప్పుడో అడగలేదు.

కెటిల్ కూత పెట్టేదాకా నిలబడి
మధ్యాహ్నపు కాగితం వెనక్కి తిప్పి
పెన్సిల్‌తో రాశాను:

బావులు, 1.